లెక్కకు జవాబుదారీ: డిగ్రీ విద్యార్థులు ఫైనాన్స్ పోటీల్లో నేర్చేదేమిటి?

కామర్స్, మేనేజ్‌మెంట్ కాలేజీల వార్షికోత్సవాల్లో ‘మాక్ స్టాక్’ పోటీకి ఎప్పుడూ గిరాకీ ఎక్కువే. జట్టుకు ఇంతని ఊహా ధనం ఇస్తారు. తెర మీద షేర్ల ధరలు మారుతుంటాయి, నిర్వాహకులు మధ్యమధ్య వార్తలు వదులుతుంటారు, పిల్లలు కేకలు వేస్తూ కొంటుంటారు, అమ్ముతుంటారు. గంటో రెండు గంటలో గడిచాక ఎవరి ఖాతాలో ఎక్కువ మిగిలితే వారిదే బహుమతి. ఈ ఆటే ఇంటర్నెట్ మీదికి ఎక్కి, నిజమైన మార్కెట్ ధరలతో వారాల తరబడి నడిచే వర్చువల్ ట్రేడింగ్ పోటీలుగా పెరిగింది. షేర్ల పేరిట బహుమతుల ఆశ చూపే లీగులు, పోటీల విషయంలో జాగ్రత్తగా ఉండమని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2016లోనే మదుపరులను హెచ్చరించింది. 2024 మే 24న ఇంకో అడుగు ముందుకు వేసింది. వర్చువల్ ట్రేడింగ్, ఫాంటసీ ఆటలు నడిపే వేదికలకు స్టాక్ ఎక్స్ఛేంజీలు అప్పటికప్పటి ధరలను అందించకూడదనీ, మదుపరుల అవగాహన కోసమైతే ఒక రోజు ఆలస్యంగా, పాల్గొనేవారికి డబ్బు ప్రోత్సాహం ఏదీ లేకుండా మాత్రమే ఇవ్వవచ్చనీ ఆ సర్క్యులర్ సారాంశం.

సెబీ భయానికి ఆధారం లేకపోలేదు. అదే ఏడాది సెప్టెంబరులో అది వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఆ ట్రేడర్లలో ముప్ఫై ఏళ్ల లోపువారి వాటా ఒక్క ఏడాదిలోనే 31 శాతం నుంచి 43 శాతానికి ఎగబాకింది. అంటే డిగ్రీ పూర్తయి రెండు మూడేళ్లు గడిచిన పిల్లలు, ఇంకా చదువుతున్న పిల్లలు కూడా ఆ గుంపులో ఉన్నారు. ఇలాంటి సమయంలో డిగ్రీ విద్యార్థులకు ఫైనాన్స్ పోటీలు పెట్టాలనడం నిప్పుకు గాలి తోడు చేయడం కాదా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. నా వాదన ఏమిటంటే, ఫైనాన్స్ పోటీలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ చిక్కు వస్తోంది. రాబడిని బట్టి మార్కులు వేసే పోటీ ఒకటి, తర్కాన్ని బట్టి మార్కులు వేసే పోటీ ఇంకొకటి. మొదటిది బీకాం, బీబీఏ పిల్లలకు తప్పుడు పాఠం నేర్పుతుంది. రెండోదానికి డిగ్రీ చదువులోనే, క్రెడిట్లతో సహా చోటు దక్కాలి.

ముందుగా, చేతులతో చేసి నేర్చుకోవలసిన అవసరం ఈ చదువులో ఎందుకంత ఉందో చూడాలి. మన బీకాం విద్యార్థి మూడేళ్లలో జర్నల్ ఎంట్రీలు, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్, సర్దుబాట్లతో కూడిన తుది లెక్కలు వందల సంఖ్యలో వేస్తాడు. ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ పేపర్లో ఒక ప్రాజెక్టు లాభదాయకమో కాదో తేల్చమంటారు. ఐదేళ్ల నగదు రాబడులు ప్రశ్నలోనే ఉంటాయి, డిస్కౌంట్ రేటు 10 శాతం అనీ ఉంటుంది, పట్టిక చూసి గుణించి కూడితే జవాబు వస్తుంది. ఆ కూడిక నిజంగా అవసరమే, దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ బయట ఏ కంపెనీ దగ్గరా ఆ ఐదు అంకెలు దొరకవు. వచ్చే ఐదేళ్లలో అమ్మకాలు ఎంత పెరుగుతాయి, ముడిసరుకు ధర ఎటు పోతుంది, 10 శాతమే ఎందుకు, 13 ఎందుకు కాదు అన్నవే అసలు కష్టం. పరీక్షలో ‘ఇచ్చినవి’ అనే శీర్షిక కింద పోసిందంతా ఉద్యోగంలో మనమే పుట్టించాలి, పుట్టించినదానికి మనమే పూచీ పడాలి. పాఠ్యపుస్తకం ఆ బరువును విద్యార్థి భుజం మీద పెట్టలేదు. మంచి పోటీ పెడుతుంది.

చేసి నేర్చుకోవడం మేలన్న మాటకు గట్టి ఆధారాలే ఉన్నాయి. స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో సైన్స్, ఇంజనీరింగ్, గణిత డిగ్రీ కోర్సుల మీద 225 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో తప్పినవారు 34 శాతం దాకా ఉంటే, విద్యార్థి చేత పని చేయించిన తరగతుల్లో 22 శాతం ఉన్నారు. అవి కామర్స్ తరగతులు కావన్నది నిజం. అయినా మనదీ అంకెలతో తర్కించే చదువే కాబట్టి ఆ ఫలితం మనకు దూరపుది కాదు. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో జరిగిన మరో అధ్యయనం ఇంకో చిత్రమైన సంగతి చెప్పింది. పని చేస్తూ నేర్చుకున్నవారికి మార్కులు ఎక్కువే వచ్చాయి, కానీ తాము తక్కువే నేర్చుకున్నామని వారు అనుకున్నారు. తడబాటు వారికి అజ్ఞానంలా తోచింది. మన కాలేజీల్లో ఇలాంటి పద్ధతి మొదలుపెడితే తొలి సెమిస్టర్‌లో పిల్లలు “సార్ పాఠం చెప్పడం లేదు” అని ఫిర్యాదు చేస్తారు. ఆ ఫిర్యాదుకు జంకి వెనక్కి తగ్గకూడదని చెప్పడానికి ఈ అధ్యయనం చాలు.

ఇక ఆర్థిక విద్య మాటకొస్తే పరిశోధన రెండు గొంతులతో మాట్లాడుతుంది. ఫెర్నాండెస్, లించ్, నెట్‌మేయర్ 2014లో చేసిన సమీక్షలో, ఆర్థిక పాఠాలు మనుషుల డబ్బు నడవడిలోని తేడాల్లో 0.1 శాతాన్ని మాత్రమే వివరించగలిగాయి. నేర్చుకున్నది కాలంతోపాటు కరిగిపోతుందనీ, అవసరం ఎదురైన వేళకు అందే పాఠమే నిలుస్తుందనీ వారు అన్నారు. కైజర్, లుసార్డి తదితరులు 2022లో 76 ప్రయోగాలను కలిపి చూసి, ఫలితం అంత తీసిపారేసేది కాదని తేల్చారు. ఈ రెండింటి మధ్య నాకు కనిపించే లంకె ఒకటుంది. పాఠం ఒక నిర్ణయానికి ఆనుకుని ఉన్నప్పుడే మనసులో దిగుతుంది. పోటీ అనేది విద్యార్థికి ఒక నిర్ణయాన్ని, ఒక గడువును, ఎదురుగా ఒక శ్రోతను ఇస్తుంది. డిస్కౌంట్ రేటు గురించిన పాఠం పరీక్ష ముందురోజు రాత్రి చదివితే ఒకలా ఉంటుంది, రేపు న్యాయనిర్ణేత అడగబోతున్నాడని తెలిసి చదివితే ఇంకోలా ఉంటుంది.

రెండో రకం పోటీకి నాకు తెలిసిన మేలైన నమూనా సీఎఫ్ఏ ఇన్‌స్టిట్యూట్ రీసెర్చ్ చాలెంజ్. న్యూయార్క్ సెక్యూరిటీ అనలిస్టుల సంఘం 2000ల తొలినాళ్లలో మొదలుపెట్టిన ఈ పోటీ ఆ తర్వాత ప్రపంచమంతటికీ పాకింది. ఇప్పుడు ఏటా వెయ్యికి పైగా విశ్వవిద్యాలయాల నుంచి ఆరు వేలకు పైగా విద్యార్థులు పాల్గొంటున్నారని నిర్వాహకుల లెక్క. భారత్‌లోనూ ఏటా జరుగుతుంది. ముగ్గురి నుంచి ఐదుగురి దాకా ఉన్న జట్టుకు స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన ఒక కంపెనీని కేటాయిస్తారు. జట్టు దాని వార్షిక నివేదికలు, పరిశ్రమ, పోటీదారులు, యాజమాన్యం తీరు అన్నీ చదివి, ఆ షేరు విలువ ఎంతో లెక్కగట్టి, కొనాలో, ఉంచుకోవాలో, అమ్మాలో ఒక్క మాటలో చెబుతూ నివేదిక రాయాలి. బహిరంగంగా దొరికే సమాచారమే వాడాలి. ఒక అధ్యాపకుడు, రంగంలో పనిచేసే ఒక మార్గదర్శి తోడుంటారు, అయితే వారు వెచ్చించే సమయానికి హద్దుంది, పని పిల్లలదే. ఆ తర్వాత పది నిమిషాల ప్రదర్శన, పది నిమిషాల ప్రశ్నలు. ఎదుట కూర్చునేవారు పెట్టుబడి రంగంలో రోజూ ఇదే పని చేసేవారు. ఇందులో ఎక్కడా షేరు ధర ఆ తర్వాత పెరిగిందా తగ్గిందా అన్న ఊసే లేదు. ఒక జట్టు ‘అమ్మండి’ అని చెప్పిన షేరు మరుసటి నెల పైకి పోయినా ఆ జట్టు గెలవవచ్చు. మార్కులు తర్కానికి, ఆధారానికి, జవాబు చెప్పిన తీరుకు.

ఆ పనిలో ఏం జరుగుతుందో మనకు దగ్గరి కంపెనీతో ఊహిస్తే స్పష్టంగా తెలుస్తుంది. రొయ్యల మేత తయారుచేసే అవంతి ఫీడ్స్‌ను భీమవరంలో బీకాం చదివే నలుగురు పిల్లలకు ఇచ్చారనుకుందాం. లాభనష్టాల పట్టిక తెరిస్తే అమ్మకాల కన్నా ముందు ముడిసరుకు ఖర్చు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సోయా, చేపపొడి ధరలు పెరిగితే కంపెనీ మేత ధర పెంచగలదా? పెంచితే రైతు ఒక పంట చెరువును ఖాళీగా వదిలేస్తాడా? రొయ్య ఎక్కువగా పోయేది అమెరికాకు. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ ఎగుమతిదారు దగ్గర ఆగిందా, చెరువు గట్టు దాకా వచ్చిందా, అక్కడి నుంచి మేత అమ్మకాలకు ఎన్నాళ్లకు చేరింది? ఈ ప్రశ్నల్లో సగానికి జవాబులు ఆ పిల్లల ఇళ్లలోనే, ఊళ్లోని మేత దుకాణంలోనే ఉన్నాయి. ముంబయిలో కూర్చున్న అనలిస్టుకు లేని వెసులుబాటు అది. అయితే ఆ ఊరి జ్ఞానాన్ని ఒక అంకెగా మార్చి, అమ్మకాలు వచ్చే ఏడాది ఇంత శాతం తగ్గుతాయని రాసి, ఆ శాతం ఎక్కడి నుంచి తెచ్చావని అడిగితే నిలబడాలి. తెలిసిన విషయానికీ, లెక్కకు ఎక్కించిన విషయానికీ మధ్య ఉన్న ఆ దూరాన్ని దాటించడమే ఫైనాన్స్ చదువు చేయవలసిన పని.

లెక్కను అడిగి చూడడం ఎందుకు అవసరమో హైదరాబాదు కన్నా బాగా తెలిసిన నగరం దేశంలో లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, 2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్నారు. రావలసిన వడ్డీ కింద చూపిన 376 కోట్లూ లేవు. ఆ త్రైమాసికంలో 24 శాతంగా చూపిన నిర్వహణ లాభం నిజానికి 3 శాతమే. డిగ్రీ పిల్లలు అయితే దాన్ని ముందే పట్టేసేవారని చెప్పడం అబద్ధమవుతుంది. పేరున్న ఆడిటర్లు, అనుభవమున్న అనలిస్టులే పట్టలేకపోయారు. నేను చెప్పేది వేరు. లాభం ఉందంటే నగదు ఎక్కడుంది, నగదు ఉందంటే వడ్డీ ఎంత వచ్చింది, అంత నగదు ఉంచుకుని ఏం చేయబోతున్నారు అని మూడు పట్టికలనూ ఎదురెదురుగా పెట్టి అడిగే అలవాటు తరగతిలో ఒక్కో పట్టికనూ విడివిడి యూనిట్‌గా చదివితే రాదు. ఒకే కంపెనీతో రెండు నెలలు కాపురం చేస్తే వస్తుంది. మన ఊళ్ల కంపెనీలకు రేపు లెక్కలు రాసేదీ, ఆడిట్ చేసేదీ, అప్పు ఇచ్చేదీ ఈ పిల్లలే.

ఇప్పుడు మొదటి రకం సంగతి. రాబడిని బట్టి విజేతను తేల్చే పోటీలో తప్పేమిటో చిన్న లెక్క చూపిస్తుంది. ఒక జట్టు నిజంగా అసాధారణ ప్రతిభ గలదనీ, ఏడాదికి మార్కెట్ కన్నా 3 శాతం ఎక్కువ సంపాదించగలదనీ అనుకుందాం. అది పెద్ద పెద్ద ఫండ్ మేనేజర్లకే దక్కని వరం. ఐదు వారాల పోటీలో ఆ ప్రతిభ విలువ 0.3 శాతం కూడా ఉండదు. అదే సమయంలో నాలుగైదు షేర్లతో నిండిన ఖాతా, మార్కెట్‌తో పోలిస్తే ఏడాదికి 20 శాతం అటూ ఇటూ ఊగేదైతే, ఐదు వారాల్లో 6 శాతం పైకో కిందికో పోవడం మామూలు. ప్రతిభ కన్నా అదృష్టం ఇరవై రెట్లు పెద్దగా నిలబడే చోట విజేతను చూసి ఎవరు ఏం నేర్చుకుంటారు? గెలిచిన పిల్లవాడు తనకు మార్కెట్ చదవడం వచ్చేసిందని నమ్ముతాడు. ఆ నమ్మకం ఖరీదైనది. బార్బర్, ఓడీన్ అమెరికాలో 66,465 కుటుంబాల ఖాతాలను 1991 నుంచి 1996 దాకా పరిశీలిస్తే, మార్కెట్ ఏడాదికి 17.9 శాతం ఇచ్చిన కాలంలో అందరికన్నా ఎక్కువగా కొని అమ్మినవారికి మిగిలింది 11.4 శాతం. మితిమీరిన ఆత్మవిశ్వాసమే వారిని అంతగా కొనిపించి అమ్మించిందని ఆ రచయితల వాదన.

ఇంకో హాని పోటీ నిర్మాణంలోనే ఉంది. ఒక్కరికే బహుమతి ఉన్నప్పుడు, సగం దూరంలో వెనకబడినవాడికి జాగ్రత్తగా ఉండడం వల్ల లాభం లేదు. రెండో స్థానమైనా ఇరవయ్యో స్థానమైనా వాడికి ఒకటే. బ్రౌన్, హార్లో, స్టార్క్స్ 1996లో మ్యూచువల్ ఫండ్ల మీద చేసిన అధ్యయనంలో, ఏడాది సగానికి వెనకబడిన మేనేజర్లు మిగతా సగంలో రిస్కు పెంచుతున్నట్టు కనిపించింది. జీతం, పరువు, పరాయి సొమ్ము బాధ్యత ఉన్న పెద్దలే అలా చేస్తే, ఊహా ధనంతో ఆడే పందొమ్మిదేళ్ల పిల్లలు ఒకే షేరులో మొత్తం పెట్టకుండా ఎందుకు ఆగుతారు? డబ్బును విభజించి పెట్టాలి, రిస్కును కొలవాలి అని తరగతిలో చెప్పిందంతా ఆ హాల్లో చెరిపేస్తున్నాం.

దీనికి ఎదురు వాదన బలమైనదే. ట్రేడింగ్ ఆటలో ఉత్సాహం ఉంది, నివేదిక రాయడంలో లేదు. ఆట పిల్లలను రప్పిస్తుంది, వచ్చాక నేర్పవచ్చు. అమెరికాలో 1977 నుంచి బడిపిల్లలకు నడుస్తున్న స్టాక్ మార్కెట్ గేమ్‌ను చూపించి, అది ఆడిన పిల్లలు గణితంలో, ఆర్థిక పరిజ్ఞానంలో మెరుగయ్యారని 2009లో వచ్చిన అధ్యయనాన్ని ఉదహరించవచ్చు. ఆ అధ్యయనాన్ని నేను కాదనను. కానీ అక్కడ ఆటతో పాటు టీచరు, పాఠ్య ప్రణాళిక ఉన్నాయి. ఆట పాఠానికి తోడైంది, పాఠాన్ని పక్కకు తోయలేదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు వార్టన్ స్కూల్ హైస్కూలు పిల్లలకు పెట్టే పెట్టుబడి పోటీలోనూ ఊహా ధనం ఉంటుంది, షేర్లు ఉంటాయి, అయితే ఖాతా ఎంత పెరిగిందన్నది అక్కడ విజేతను తేల్చదు. జట్టు ఎంచుకున్న వ్యూహం, దాన్ని సమర్థించుకున్న తీరు తేలుస్తాయి. బ్లూమ్‌బర్గ్ విద్యార్థుల ట్రేడింగ్ చాలెంజ్‌లో పది లక్షల ఊహా డాలర్ల ఖాతాను ఒక సూచీతో పోల్చి కొలుస్తారు. అక్కడ వ్యూహం రాయించడం, పరికరాలు వాడడం నేర్పడం మేలే కానీ, కొన్ని వారాల రాబడే కొలబద్ద కావడంతో పైన చెప్పిన చిక్కు దాన్నీ వదలదు. ఒక్క మినహాయింపు మాత్రం ఒప్పుకోవాలి. టొరంటో విశ్వవిద్యాలయపు రాట్‌మన్ స్కూల్ నడిపే అంతర్జాతీయ ట్రేడింగ్ పోటీ వంటివి నిజమైన ధరల మీద ఆడేవి కావు. ప్రత్యేకంగా కట్టిన సిమ్యులేషన్‌లో ఒకే రకం సమస్యను మళ్లీ మళ్లీ, నిమిషాల వ్యవధిలో పరిష్కరించాలి. ఎన్నోసార్లు ఆడితే అదృష్టం తనంతట తానే సరిపోయి నేర్పు బయటపడుతుంది. అది మంచి పోటీయే, కానీ కావలసిన సాఫ్ట్‌వేరు, గణిత పరిచయం మన సగటు డిగ్రీ కాలేజీకి ఇప్పట్లో అందవు.

నిజమైన డబ్బును విద్యార్థుల చేతికిచ్చే పద్ధతి కూడా ఉంది. పెన్సిల్వేనియాలోని లఫాయెట్ కాలేజీ పిల్లలు 1946 నుంచి అలాంటి నిధిని చూసుకుంటున్నారు. టెన్నెసీ వ్యాలీ అథారిటీ 1998 నుంచి తన సొమ్ములో కొంత భాగాన్ని విశ్వవిద్యాలయాల జట్లకు అప్పగిస్తోంది. సంవత్సరాల తరబడి సాగి, ఒక బ్యాచ్ తప్పును తర్వాతి బ్యాచ్ మోయవలసి రావడం దాని గొప్పతనం. మన కాలేజీలకు అది ప్రస్తుతం పెద్ద మాట.

చిన్న మాట ఇంకొకటి ఉంది, అది మనకు పూర్తిగా అందుబాటులో ఉంది. అమెరికాలో కాలేజ్ ఫెడ్ చాలెంజ్ అనే పోటీలో డిగ్రీ విద్యార్థులు తామే కేంద్ర బ్యాంకు కమిటీ అయినట్టు దేశ ఆర్థిక స్థితిని పరిశీలించి, వడ్డీ రేటు ఏం చేయాలో చెప్పి, పదిహేను నిమిషాలు ప్రశ్నలకు జవాబు ఇస్తారు. మన రిజర్వు బ్యాంకు తన తొంభయ్యో ఏట, 2024లో, డిగ్రీ విద్యార్థులకు ‘ఆర్‌బీఐ90 క్విజ్’ పెట్టింది. ఇద్దరేసి జట్లుగా ఆన్‌లైన్‌లో మొదలై రాష్ట్ర, జోనల్, జాతీయ స్థాయిల దాకా సాగింది. జాతీయ స్థాయి మొదటి బహుమతి 10 లక్షల రూపాయలు. ఆన్‌లైన్ దశ వల్ల మారుమూల కాలేజీలకూ తలుపు తెరుచుకుంది, అందుకు రిజర్వు బ్యాంకును మెచ్చుకోవాలి. కానీ క్విజ్ జ్ఞాపకశక్తికి పెట్టే పరీక్ష. రెపో రేటు ఎంతో చెప్పినవారికి మార్కు వస్తుంది, అంతే ఎందుకు ఉండాలో చెప్పమని ఎవరూ అడగరు. నిజానికి ఆ రేటును తేల్చే ద్రవ్య విధాన కమిటీ నిర్మాణమే తరగతి గదికి అతికినట్టు ఉంటుంది. సభ్యులు ఆరుగురు, లక్ష్యం 4 శాతం ద్రవ్యోల్బణం, అటూ ఇటూ 2 శాతం వెసులుబాటు, ఓట్లు సమానమైతే గవర్నరుకు నిర్ణాయక ఓటు. సమావేశమైన పద్నాలుగో రోజున ప్రతి సభ్యుడి వివరణా బయటికి వస్తుంది. ఆరుగురు విద్యార్థులను ఆ కుర్చీల్లో కూర్చోబెట్టి, సమావేశానికి ముందురోజు ఓటు వేయించి, కారణాలు రాయించి, పద్నాలుగు రోజుల తర్వాత అసలు సభ్యుల కారణాలతో పోల్చమంటే పైసా ఖర్చు లేదు. రిజర్వు బ్యాంకు ఈ పోటీని దేశవ్యాప్తంగా పెడితే తొంభై ఏళ్ల సంస్థ విద్యార్థులకు ఇవ్వగల కానుక అంతకన్నా ఉండదు.

పోటీల వల్ల లాభపడేది ముందే చురుకైన పిల్లలేనన్న అభ్యంతరం నాకు అన్నిటికన్నా బరువైనదిగా తోస్తుంది. పేరున్న కాలేజీల జట్లే ఫైనల్స్‌కు వెళ్తాయి, గెలిచినవారికి మంచి ఉద్యోగాలు వస్తే అది పోటీ మహిమో, ఆ పిల్లల సొంత సత్తువో విడదీయడం కష్టం. దీనికి ఆడపిల్లల సంగతి కూడా జతచేయాలి. నీడర్లె, వెస్టర్‌లుండ్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో, రెండంకెల సంఖ్యలు కూడే పనిలో స్త్రీ పురుషులు సమానంగా చేశారు. అయినా పోటీ పద్ధతిలో డబ్బు తీసుకోవడానికి 73 శాతం మగవారు ఒప్పుకుంటే, ఆడవారు 35 శాతమే ఒప్పుకున్నారు. మన డిగ్రీ కాలేజీల్లో అమ్మాయిల సంఖ్య తక్కువేం కాదు. ఇష్టమున్నవారు పేరు ఇవ్వండి అని నోటీసు బోర్డులో పెడితే నేర్పు ఉండి కూడా వెనక్కి తగ్గేవారు మిగిలిపోతారు. అందుకే ఈ పని వార్షికోత్సవం నుంచి టైమ్‌టేబుల్‌లోకి రావాలి. ప్రతి విద్యార్థీ ఒక జట్టులో ఉండాలి, ప్రతి జట్టూ ఒక కంపెనీని చదవాలి, ప్రతి ఒక్కరూ ఒక ప్రశ్నకైనా జవాబు చెప్పాలి. పై స్థాయి పోటీకి పంపడం ఆ తర్వాతి మాట. జట్టుగా దిగినప్పుడు ఆడవారికి పోటీ అంటే ఉండే జంకు తగ్గుతుందని తర్వాతి ప్రయోగాలు చూపించాయి కూడా.

సిలబస్‌లో చోటెక్కడిదని అధ్యాపకులు అడుగుతారు. చోటు ఇప్పటికే ఉంది. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. తెలంగాణ ప్రభుత్వం 2024లో డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థులకు బ్యాంకింగ్, ఆర్థిక సేవలు, బీమా రంగాల నైపుణ్య కోర్సు మొదలుపెట్టింది. అయితే అన్ని పట్టణాల్లోనూ లక్షల మంది కామర్స్ పిల్లలకు అర్థవంతమైన ఇంటర్న్‌షిప్ ఇచ్చే ఆఫీసులు లేవు. కంపెనీ దొరకనివారికి సర్టిఫికెట్ మాత్రమే దొరికే ప్రమాదం ఉంది. ఇంటర్న్‌షిప్ నెలల్లో కొంత భాగాన్ని ఒక కంపెనీ నివేదికకు, దాని మీద బహిరంగ ప్రశ్నోత్తరాలకు కేటాయిస్తే ఎవరి దయా అక్కర్లేదు. వార్షిక నివేదికలు ఉచితం, రిజర్వు బ్యాంకు గణాంకాలు ఉచితం. న్యాయనిర్ణేతలుగా విజయవాడ, గుంటూరు, విశాఖల్లోని చార్టర్డ్ అకౌంటెంట్లను, బ్యాంకుల రుణ విభాగాల్లో పనిచేసి రిటైరైనవారిని పిలవవచ్చు. అప్పు అడిగిన కంపెనీ కాగితాలను ముప్ఫై ఏళ్లు చదివిన బ్యాంకు అధికారి వేసే ప్రశ్నలు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు.

మిగిలిన అభ్యంతరాలు రెండు. నివేదికలు ఇంగ్లిషులోనే ఉంటాయి కదా, తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లల మాటేమిటి? చదవడం ఇంగ్లిషులో తప్పదు, కానీ ప్రశ్నోత్తరాలు తెలుగులో నడపడానికి ఏ నియమమూ అడ్డు రాదు. వర్కింగ్ కేపిటల్ ఎందుకు పెరిగిందో తెలుగులో స్పష్టంగా చెప్పగలిగినవాడికి విషయం వచ్చినట్టే. ఇంగ్లిషు రాకపోవడాన్ని ఫైనాన్స్ రాకపోవడంగా లెక్కగట్టడం ఇప్పటికే ఎంతోమందికి అన్యాయం చేసింది. ఇక రెండోది, కృత్రిమ మేధతో నివేదికంతా రాయించుకోవచ్చు కదా అన్నది. రాయించుకోవచ్చు, రాయించుకుంటారు కూడా. రాతకు మాత్రమే మార్కులు వేసే ప్రాజెక్టు రిపోర్టుల కాలం దానితో ముగిసింది. కానీ ఈ పదమూడు శాతం ఎక్కడిదని ఎదురుగా మనిషి అడిగినప్పుడు ఏ యంత్రమూ విద్యార్థి బదులు నిలబడదు. కాబట్టి ఈ అభ్యంతరం నా వాదనను బలపరుస్తోంది, ప్రశ్నోత్తరాలకు వేసే మార్కులను ఇంకా పెంచమంటోంది.

కామర్స్ విభాగాల అధిపతులకు, ఈ ఏడాది ఉత్సవాలు ఏర్పాటు చేసే విద్యార్థి సంఘాలకు ఒక మనవి. మాక్ స్టాక్ పెట్టదలిస్తే పెట్టండి, కానీ అందులో ఒక్క మార్పు చేయండి. చివర్లో ఖాతాలో మిగిలిన సొమ్మును చూసి బహుమతి ఇవ్వకండి. ప్రతి జట్టునూ ఐదు నిమిషాలు వేదిక మీదికి పిలిచి, మీ ఊళ్లోని ఒక చార్టర్డ్ అకౌంటెంటు చేత ‘ఈ షేరు ఎందుకు కొన్నారు, ఎందుకు అమ్మారు’ అని అడిగించండి. బాగా జవాబు చెప్పిన జట్టుకే బహుమతి ఇవ్వండి, ఆ జట్టు నష్టపోయి ఉన్నా సరే.